నాన్నను వెతుక్కుంటూ... అరుణగిరికి!

మదురై మీనాక్షమ్మ గుడికి దక్షిణ గోపురం వైపున, నడిచి వెళ్లేంత దూరంలోనే చొక్కప్ప నాయకన్ వీధి. కొట్లు, సైకిళ్లు, పూలబుట్టల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్తే పదకొండో నంబరు ఇల్లు. పెద్ద మేడేం కాదు. తెలియనివాళ్లు చూడకుండానే దాటిపోతారు. తెలిసినవాళ్లు మాత్రం చెప్పులు బయట విడిచి, మాటలాపి లోపలికెళ్లి కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని వస్తారు.

1896 ఆగస్టు 29, శనివారం మధ్యాహ్నం. ఆ ఇంట్లోంచి ఓ పదహారేళ్ల కుర్రాడు బడిలో స్పెషల్ క్లాసు ఉందని చెప్పి బయటపడ్డాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. వెళ్తూ వెళ్తూ ఓ చీటీ రాసిపెట్టాడు. నాన్నను వెతుక్కుంటూ, ఆయన ఆజ్ఞ ప్రకారమే బయల్దేరుతున్నానన్నది అందులో మొదటి సంగతి.

ఆ చీటీ చదివి ఇంట్లోవాళ్లు తెల్లబోయి ఉంటారు. ఎందుకంటే, ఆ పిల్లాడి తండ్రి సుందరమయ్యర్ పోయి అప్పటికి నాలుగున్నరేళ్లయింది!

ఆ కుర్రాడి పేరు వెంకటరామన్. తర్వాతి రోజుల్లో ఆయనే రమణ మహర్షి. పున్నమి వస్తే చాలు, అటు ఆంధ్ర నుంచీ ఇటు తెలంగాణ నుంచీ బస్సులకు బస్సులు అరుణాచలం కదులుతున్నాయి. గిరి చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు నడిచి, అరుణాచలేశ్వరుణ్ణి దర్శించుకుని, రమణాశ్రమంలో కాసేపు కూర్చుని తిరుగు ప్రయాణమవుతారు. అయితే మదురై నుంచి ఆ కుర్రాడు వెళ్లిన దారిని పట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. ఆ దారిలో మనకు కనిపించేది పటంలోని మహర్షి కాదు. ఆకలితో సొమ్మసిల్లి, చెవిపోగులు తాకట్టు పెట్టుకున్న పిల్లాడు.

ప్లీడరుగారి అబ్బాయి

ఆ కథ మదురైకి యాభై కిలోమీటర్ల దూరంలోని తిరుచ్చుళిలో మొదలవుతుంది. చిన్న ఊరు. భూమినాథుడి గుడి, కోనేరు, గుడికి దగ్గర్లోనే సుందరమయ్యర్ ఇల్లు. వెంకటరామన్ పుట్టింది అక్కడే. 1879 డిసెంబరు 30న, ఆరుద్ర దర్శనం పండగనాటి అర్ధరాత్రి దాటాక.

సుందరమయ్యర్‌ది ప్లీడరు పని. పరీక్షలు ప్యాసై పట్టా పుచ్చుకున్న ప్లీడరు కాదు. అయినా ఊళ్లో మంచిపేరు. ఇంటిని రెండు భాగాలు చేసి, ఒకటి తన కుటుంబానికి ఉంచుకుని రెండోది వచ్చేపోయేవాళ్లకి వదిలేశాడు. ఊరికి కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఇల్లు దొరికేదాకా అక్కడే దిగేవారట. భార్య అళగమ్మ. నాగస్వామి, వెంకటరామన్, నాగసుందరం అని ముగ్గురు కొడుకులు, అలమేలు అని ఓ కూతురు.

ఆ వంశం గురించి ఓ కథ చెబుతారు. ఎప్పుడో ఆ ఇంటికొచ్చిన సన్యాసికి అన్నం పెట్టకుండా పంపేశారట. తరానికొకడు మీ ఇంట్లోంచి సన్యాసుల్లో కలుస్తాడని ఆయన శపించాడట. శాపం మాట ఎలా ఉన్నా, సుందరమయ్యర్ పినతండ్రి కాషాయం కట్టి వెళ్లిపోయాడు. ఆయన అన్నగారూ ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లి తిరిగి రాలేదు. ఉన్నట్టుండి మగవాళ్లు మాయమైపోవడం ఆ ఇంటికి కొత్త కాదన్నమాట.

వెంకటరామన్‌కి ఆరేళ్లప్పుడో ముచ్చట జరిగింది. తోటి పిల్లలతో కలిసి అటక మీది పాత దస్తావేజులు తీసి, పడవలు చేసి నీళ్లలో వదిలాడు. ప్లీడరుగారింట్లో కోర్టు కాగితాలతో పడవలు! నాన్న గట్టిగా కేకలేశాడు. మధ్యాహ్నం భోజనానికి పిల్లాడు లేడు. ఊరంతా వెతికారు. చివరికి గుళ్లో అమ్మవారి విగ్రహం వెనక ముడుచుకుని కూర్చున్నవాణ్ణి పూజారి చూసి తీసుకొచ్చాడు. తండ్రి కోప్పడితే దేవుడి చాటుకు పరుగెత్తిన ఆ సంగతిని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు మరిచిపోలేదు.

1892 ఫిబ్రవరి 18న సుందరమయ్యర్ చనిపోయాడు. పిల్లాడికి పన్నెండేళ్లు. అమ్మ, అన్న, తమ్ముడు అందరూ ఏడుస్తుంటే అతను మాత్రం తండ్రి శరీరాన్ని చూస్తూ ఆలోచిస్తూ కూర్చున్నాడట. నాన్న ఇక్కడే ఉన్నాడు కదా, మరి వీళ్లు లేడంటారేంటి? ఈ ఒంట్లోంచి వెళ్లిపోయింది ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక చావు జరిగిన ఇంట్లో ఎవరికుంటుంది? దహనం అయిపోయింది. ప్రశ్న మిగిలింది.

కుటుంబం రెండు ముక్కలైంది. చిన్నపిల్లలతో అమ్మ మానామదురైలో మరిది నెల్లియప్పయ్యర్ దగ్గరికి వెళ్లింది. పెద్దవాళ్లిద్దరినీ మదురైలోని చిన్నాన్న సుబ్బయ్యర్ తీసుకెళ్లాడు. చొక్కప్ప నాయకన్ వీధిలోని ఇల్లు ఆయనదే.

అరవై ముగ్గురి కథలు

మదురైలో వెంకటరామన్ స్కాట్ మిడిల్ స్కూల్లో, తర్వాత అమెరికన్ మిషన్ హైస్కూల్లో చదివాడు. చదివాడనడం మర్యాదకే. ఒకసారి వింటే అప్పజెప్పగల జ్ఞాపకశక్తి ఉన్నా పుస్తకం మీద ధ్యాస లేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నిద్ర మరీ విడ్డూరం. తన్నినా కొట్టినా లేచేవాడు కాదట. మెలకువగా ఉన్నప్పుడు అతని జోలికెళ్లే ధైర్యంలేని పిల్లలు, నిద్రలో ఉండగా ఎత్తుకెళ్లి ఇష్టమొచ్చినట్టు కొట్టి తెచ్చి పడుకోబెట్టేవారు. తెల్లారి అతనికేమీ తెలిసేది కాదు.

1895 నవంబరులో ఓ పెద్దాయన, చుట్టమే, కనిపించాడు. ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగితే అరుణాచలం నుంచి అన్నాడు. ఆ పేరు వినగానే కుర్రాడి ఒళ్లు ఝల్లుమంది. అదో పవిత్రమైన చోటని తెలుసు కానీ, రైలెక్కి వెళ్లగలిగే ఊరని తెలీదు. ‘అరుణాచలమా! ఎక్కడుంది?’ అని అడిగాడు. తిరువణ్ణామలై తెలీదా, అదే అరుణాచలమని పెద్దాయన తేలిగ్గా చెప్పేశాడు. ఆ మాట అన్నట్టు ఆయనకి తర్వాత గుర్తుందో లేదో!

కొన్నాళ్లకు చిన్నాన్న అరువు తెచ్చుకున్న పెరియపురాణం చేతికొచ్చింది. శేక్కిళార్ రాసిన అరవై ముగ్గురు శివభక్తుల చరిత్ర. బడి పుస్తకాలు తప్ప అతను ఇష్టంగా చదివిన మొదటి పుస్తకం అదే. అందులో జ్ఞానసంబంధర్ కథ ఉంది. మూడేళ్ల పసివాడు శీర్గాళిలో కోనేటి గట్టుమీద కూర్చున్నాడు. స్నానానికి దిగిన నాన్న నీళ్లలో మునిగాడు. కనిపించలేదు. పిల్లాడు బెంబేలెత్తి గుడిగోపురం వైపు చూస్తూ అమ్మా నాన్నా అని ఏడ్చాడు. సాక్షాత్తూ పార్వతీ పరమేశ్వరులే దిగివచ్చారు, అమ్మవారు పాలిచ్చింది. నాన్న లేని పిల్లాడికి ఆ కథ ఎలా తగిలిందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాతి సంగతి చాలామందికి తెలిసిందే. తెలుగులో కృష్ణభిక్షువు రాసిన ‘శ్రీ రమణలీల’ 1936 నుంచీ ఇళ్లల్లో చదువుకుంటున్నదే కదా. 1896 జులై మధ్యలో ఒకరోజు వెంకటరామన్ ఒంటరిగా గదిలో కూర్చున్నాడు. జబ్బేమీ లేదు. ఉన్నట్టుండి చచ్చిపోతానన్న భయం పట్టుకుంది. డాక్టర్ని పిలవాలనో, చిన్నాన్నకు చెప్పాలనో అనిపించలేదు. శవంలా కాళ్లు చాపి పడుకున్నాడు. ఊపిరి బిగపట్టాడు. ఈ శరీరం పోతుంది, కాల్చేస్తారు. అప్పుడు నేను పోయినట్టేనా? నాలుగేళ్ల క్రితం నాన్న శవం పక్కన కూర్చుని వేసుకున్న ప్రశ్నే, ఈసారి తనమీద వేసుకున్నాడు. శరీరంతో పోనిదేదో తానై ఉందన్న ఎరుక కలిగింది. చావు భయం మళ్లీ రాలేదు. అంతా అరగంటలోపే.

ఆపైన కుర్రాడు మారిపోయాడు. ఏది పెడితే అది తింటాడు. ఎవరేమన్నా ఎదురుచెప్పడు. ఆటల్లేవు. సాయంత్రమైతే ఒక్కడే మీనాక్షి గుడికి వెళ్లి నటరాజు ముందు, అరవై ముగ్గురు నాయనార్ల విగ్రహాల ముందు నిలబడతాడు. వాళ్లలా భక్తి కలగాలని ఒక్కోసారి కోరుకుంటాడు, ఒక్కోసారి ఏమీ కోరడు. కళ్లమ్మట ధారలుగా నీళ్లు. సంతోషమా అంటే కాదు, బాధా అంటే కాదు. మదురై వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఆ గుళ్లో వరసగా నిలబడ్డ అరవై ముగ్గుర్నీ చూడొచ్చు. చాలామంది అమ్మవారి దర్శనమయ్యాక హడావుడిగా దాటేసే చోటు అది. బడిలో పాఠం అప్పజెప్పక, ఇంట్లో నోరు విప్పక తిరిగే పదహారేళ్ల పిల్లాడు మనింట్లోనే ఉంటే ఏమంటాం? అన్న నాగస్వామీ అదే అన్నాడు.

మూడు తీసుకుని... రెండు వదిలి

ఆ శనివారం వెంకటరామన్ ఇంగ్లిషు వ్యాకరణం ముందేసుకుని కూర్చున్నాడు. పాఠం చదవనందుకు మూడుసార్లు రాసుకురమ్మని మాస్టారు వేసిన శిక్ష. రెండుసార్లు రాశాడు. మూడోసారి విసుగొచ్చి పుస్తకం పక్కనపెట్టి కళ్లు మూసుకున్నాడు. నాగస్వామికి ఒళ్లు మండింది. ‘ఇలాంటివాడికి ఇవన్నీ ఎందుకో!’ అన్నాడు. సాధువులా ఉండాలనుకునేవాడికి ఇంట్లో తిండి, బడి దేనికని ఎత్తిపొడుపు. రోజూ అనే మాటే. ఆ రోజు మాత్రం తమ్ముడికి నిజమేననిపించింది.

లేచి, స్పెషల్ క్లాసు ఉందన్నాడు. అయితే కింద పెట్టెలోంచి అయిదు రూపాయలు తీసుకెళ్లి నా కాలేజీ ఫీజు కట్టెయ్ అన్నాడు అన్నయ్య. దారి ఖర్చు ఎలాగా అనుకుంటున్నవాడికి ఆ అన్నే చేతిలో డబ్బు పెట్టినట్టయింది! పిన్ని అన్నం పెట్టి డబ్బిచ్చింది. పాత అట్లాసు తీసి చూస్తే తిరువణ్ణామలైకి దగ్గర్లో తిండివనం స్టేషను కనిపించింది. మూడు రూపాయలు చాలనుకున్నాడు. మిగతా రెండూ చీటీతో పాటు వదిలేశాడు.

ఆ చీటీ చిత్రమైనది. మొదట ‘నేను’ అని మొదలుపెట్టినవాడు రెండో వాక్యానికొచ్చేసరికి తనను ‘ఇది’ అన్నాడు. ఇది మంచిపనికే వెళ్తోంది, ఎవరూ దుఃఖించొద్దు, వెతకడానికి డబ్బు ఖర్చుచేయొద్దు అని రాశాడు. చివర్లో సంతకం లేదు, గీత మాత్రమే. తానెవరో చెరిపేసుకుంటున్న ఆ చీటీలోనూ కాలేజీ ఫీజు కట్టలేదని, రెండు రూపాయలు ఇందులో ఉన్నాయని అన్నకు గుర్తుచేశాడు. వేదాంతం సరే, లెక్క లెక్కే!

పన్నెండింటి రైలు. ఇంటి నుంచి స్టేషనుకు చేరేసరికే ఆలస్యమైంది. అదృష్టం, రైలూ ఆలస్యంగానే వచ్చింది. తిండివనానికి టికెట్టు రెండు రూపాయల పదమూడణాలు. మిగిలింది మూడణాలు. పెట్టెలో తెల్లగడ్డం మౌల్వీ ఒకాయన తోటివాళ్లకు మహాత్ముల కథలు చెబుతున్నాడు. మూలన మౌనంగా కూర్చున్న పిల్లాణ్ణి పలకరించి, తిరువణ్ణామలైకి తిండివనం దాకా పోనక్కర్లేదు, విల్లుపురంలో బండి మారితే చాలని చెప్పాడు. అట్లాసు అచ్చయ్యాక ఆ కొత్త లైను పడింది మరి. శివుణ్ణి వెతుక్కుంటూ వెళ్లే బ్రాహ్మణ కుర్రాడికి దారి చెప్పింది ఓ మౌల్వీ.

తిరుచ్చి దగ్గర ఆకలేసి అర్ధణాకి రెండు బేరిపండ్లు కొన్నాడు. కొంచెం కొరికేసరికే కడుపు నిండిపోయింది. తెల్లవారుజామున మూడింటికి విల్లుపురం. చేతిలో రెండున్నరణాలు.

బండమీద గుడి

విల్లుపురం పెద్ద జంక్షను. మదురై నుంచి ఇప్పుడు ఎన్నో రైళ్లున్నాయి. 1896లో మాత్రం తెల్లారాక ఆ కుర్రాడు ఊళ్లో దారి చూపే బోర్డులు వెతుక్కుంటూ తిరిగాడు. ఓ హోటలుకెళ్తే భోజనం మధ్యాహ్నానికి గానీ కాదన్నారు. అక్కడే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తిన్నాక రెండణాలు తీసిస్తుంటే యజమాని, నీ దగ్గర మొత్తం ఎంతుంది బాబూ అని అడిగాడు. రెండున్నరణాలన్నాడు. అట్టే పెట్టుకో అన్నాడాయన. ఆ డబ్బుతో టికెట్టు మాంబళప్పట్టు వరకే వచ్చింది.

అక్కడ దిగి నడక. పది మైళ్లు! ఇవాళ విల్లుపురం-కాట్పాడి లైనులో వెళ్తుంటే మాంబళప్పట్టు ఇట్టే వచ్చి వెళ్లిపోయే చిన్న స్టేషను. సాయంత్రానికి అతను చేరిన ఊరు అరైయణినల్లూరు. ఇప్పుడు అరకండనల్లూరు అంటున్నారు. దక్షిణ పినాకిని ఒడ్డున పెద్ద బండమీద అతుల్యనాథేశ్వరుడి గుడి. మన నెల్లూరు పెన్నేరుకి ఈ నది తోబుట్టువు. రెండూ నంది కొండల ప్రాంతంలో పుట్టి చెరో దారి పట్టినవే. చిన్నప్పుడు నాన్న కోసం ఏడ్చిన ఆ జ్ఞానసంబంధర్ అరుణగిరిని మొట్టమొదట చూసింది ఈ బండమీద నుంచేనని స్థలపురాణం.

కుర్రాడు గుళ్లో కూర్చోగానే కళ్లముందు పెద్ద వెలుగు కనిపించింది. గర్భగుడిలోంచి వస్తోందేమోనని లేచివెళ్లి చూశాడు. అక్కడేమీ లేదు. ఈలోపు పూజారి గుడి మూసేస్తున్నా పొమ్మన్నాడు. తినడానికి ఏమైనా ఉందా అంటే లేదన్నాడు. రాత్రికి ఇక్కడే పడుకుంటానంటే కుదరదన్నాడు. ముక్కాలు మైలు దూరంలోని కీళూరులో పూజ ఉంది, అక్కడ దొరికితే దొరకొచ్చన్నారు. వాళ్ల వెనకే నడిచాడు.

కీళూరు వీరట్టేశ్వరాలయం తిరుక్కోయిలూరులో భాగమే. శివుడు అంధకాసురుణ్ణి చంపిన చోటంటారు. ఇదే ఊళ్లో ఆకాశానికి కాలెత్తిన త్రివిక్రముడి గుడి కూడా ఉంది. అయితే ఆ రాత్రి వెంకటరామన్‌కి కావలసింది పిడికెడు అన్నం. పూజ పూర్తయ్యేదాకా కాచుకుని అడిగాడు. అక్కడా లేదన్నారు. అప్పుడు డోలు వాయించేవాడు ముందుకొచ్చాడు. ‘నా వంతు ఈ అబ్బాయికి పెట్టండి’ అన్నాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అన్నం ఉన్న ఆకు పట్టుకుని, మంచినీళ్ల కోసం పక్కింటికి వెళ్లి నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. మెలకువ వచ్చేసరికి చుట్టూ జనం, నేలమీద చెల్లాచెదురుగా అన్నం. ఒక్కో మెతుకూ ఏరుకుని తిని, అక్కడే పడుకున్నాడు.

మర్నాడు సోమవారం, గోకులాష్టమి. ముత్తుకృష్ణ భాగవతార్ అనే ఆయన ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ ఇల్లాలు లోపలికి పిలిచి కడుపునిండా పెట్టింది. పండగనాడు వచ్చిన పిల్లాడిలో ఆమెకు కృష్ణుడే కనిపించాడేమో. ఇక నడవలేనని తెలిసి, చెవులకున్న కెంపుల బంగారు పోగులు తీసి తాకట్టు పెట్టుకోమన్నాడు. ఖరీదు ఇరవై రూపాయల దాకా ఉంటుంది. అడిగింది నాలుగే. భాగవతార్ చిరునామాలు రాసి చీటీ ఇచ్చాడు. ఆ తల్లి కృష్ణుడి పూజకు చేసిన మిఠాయిలు పొట్లం కట్టి ఇచ్చింది. స్టేషనుకెళ్తూ దారిలో ఆ చీటీని చింపేశాడు. పోగులు విడిపించుకునే ఉద్దేశం లేదు.

ఎదురొచ్చినవాళ్లు లేరు

సెప్టెంబరు 1, మంగళవారం ఉదయం. తిరువణ్ణామలై స్టేషన్లో దిగి తిన్నగా గుడికి నడిచాడు. ఇవాళ అరుణాచలేశ్వరాలయంలో దర్శనానికి మామూలు రోజుల్లోనే గంటలు పడుతోంది. పున్నమినాడు చెప్పనే అక్కర్లేదు. పాతిక ఎకరాల ప్రాంగణం, 217 అడుగుల తూర్పు రాజగోపురం. శ్రీకృష్ణదేవరాయలు మొదలుపెట్టించిందని చరిత్ర. ఆ ఉదయం మాత్రం ఆ గోపురం కింద తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. పూజారి కూడా లేడు. కుర్రాడు నేరుగా గర్భగుడిలోకి వెళ్లి అగ్నిలింగం ముందు నిలబడ్డాడు. నాన్నా, నువ్వు రమ్మన్నావు, వచ్చానని చెప్పుకున్నాడు.

బయటికొచ్చాక ఎవరో జుట్టు తీయించుకుంటావా అని అడిగారు. అయ్యన్‌కుళం కోనేటి దగ్గర గుండు చేయించుకున్నాడు. మిగిలిన మూడు రూపాయల పైచిలుకు చిల్లర, మిఠాయిల పొట్లం, జంధ్యం అన్నీ నీళ్లలో వేశాడు. పంచె చింపి గోచీ పెట్టుకున్నాడు. ఈ ఒంటికి స్నానం కూడా దేనికనుకుని గుడివైపు తిరిగాడు. ఈలోగా వాన కురిసి తడిపేసింది.

ఇక్కడితో కథ సుఖాంతమనుకుంటే పొరపాటు. వేయికాళ్ల మండపంలో కూర్చుంటే ఆకతాయి పిల్లలు రాళ్లేశారు. వాళ్లకీ దాదాపు అతని వయసే! తప్పించుకోవడానికి పాతాళలింగం గుహలోకి దిగాడు. ఎండ చొరని ఆ నేలమాళిగలో చీమలు, పురుగులు తొడలు తొలిచేస్తున్నా కదల్లేదు. చివరికి కొందరు ఎత్తి పైకి తీసుకొచ్చారు. ఆ మచ్చలు ఒంటిమీద అలాగే ఉండిపోయాయి. శిథిలమైన ఆ చోటును బాగుచేశాక 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడు మెట్లు దిగి చూడొచ్చు. రెండు నిమిషాలు కూర్చుంటేనే చెమటలు పడతాయి. అక్కడ వారాల తరబడి కూర్చున్నాడతను.

పేరు అడిగితే చెప్పేవాడు కాదు. తాలూకా కచేరీలో పనిచేసే వెంకటరామయ్యర్ ఒకాయన, ఊరూ పేరూ చెబితే తప్ప ఇక్కణ్ణుంచి కదలను, అన్నం ముట్టనని భీష్మించుకున్నాడు. అప్పుడు ‘వెంకటరామన్, తిరుచ్చుళి’ అని రాసిచ్చాడు. ఆ ఊరి పేరు ఆయనకి బోధపడకపోతే, పక్కనున్న పెరియపురాణం తీసి ఆ ఊరిని సుందరమూర్తి నాయనారు కీర్తించిన చోటు చూపించాడు. వదిలేసి వచ్చిన సొంతూరి పేరు ఆ పుస్తకంలోనే దొరికింది.

అమ్మ వెతుకులాట

ఇక్కడ అళగమ్మ సంగతి చెప్పుకోకపోతే ఈ ప్రయాణం సగమే. కొడుకు తండ్రిని వెతుక్కుంటూ వెళ్తే, ఆవిడ కొడుకును వెతుక్కుంటూ తిరిగింది. మరుదుల్ని బతిమాలి ఊళ్లన్నీ వెతికించింది. తిరువనంతపురంలో నాటకాల కంపెనీలో చేరాడని ఎవరో చెబితే నెల్లియప్పయ్యర్ వెళ్లొచ్చాడు. లేడన్నాడు. నమ్మక తానే వెళ్లింది. అదే వయసు, అదే ఎత్తు, అలాంటి జుట్టే ఉన్న ఓ కుర్రాడు ఆవిణ్ణి చూసి వీపు తిప్పి వెళ్లిపోయాడు. తన బిడ్డేననుకుంది. తనని చూసి మొహం తిప్పుకున్నాడనుకుని గుండె చెరువై ఇంటికొచ్చింది.

1898లో కబురు తెలిసింది. ముందు నెల్లియప్పయ్యర్ వెళ్లాడు. మామిడితోటలో ఉన్న పిల్లాడి దగ్గరికి కాపలాదారు రానివ్వకపోతే, సిరా లేక బ్రహ్మజెముడు పండు రసంతో చీటీ రాసి పంపాల్సి వచ్చింది. రమ్మంటే అతను పలకలేదు. ఆ డిసెంబరులో అమ్మ పెద్దకొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పుడతను పవళకున్రు గుట్టమీద ఉన్నాడు. మట్టి కొట్టుకున్న ఒళ్లు, జడలు కట్టిన జుట్టు, పెరిగిపోయిన గోళ్లు. అయినా చూడగానే గుర్తుపట్టింది. రోజూ తినడానికేదో చేసి తెచ్చేది. రమ్మని బతిమాలేది, ఏడ్చేది, తిట్టేది. అతను బండలా కూర్చునేవాడు. ఓసారి లేచి వెళ్లిపోయాడు. చూడలేక ఎవరో, కనీసం రాసైనా చెప్పు స్వామీ అంటే, జరగాల్సింది జరగక మానదు, జరగనిది ఎంత చేసినా జరగదు, మౌనమే మేలన్న అర్థంలో నాలుగు మాటలు రాసిచ్చాడు. ఆవిడ తిరిగి వెళ్లిపోయింది. 1900లో పెద్దకొడుకు నాగస్వామీ పోయాడు.

రమణుల భక్తులు ఈ ఘట్టాన్ని వైరాగ్యానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే కావచ్చు. పవళకున్రు మెట్లెక్కుతున్న కన్నవాళ్లకు మాత్రం మొదట గుర్తొచ్చేది, ఏడుస్తూ ఆ మెట్లు దిగిన తల్లే. తర్వాతి రోజుల్లో ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చేస్తామని ఎవరడిగినా మహర్షి ప్రోత్సహించేవారు కాదు. ఉన్నచోటే ఉండి వెతుక్కోమనేవారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన మనిషే ఆ మాట చెప్పడం గమనించాలి.

అతను ఆయనయ్యిందీ, రమణ మహర్షి అన్న పేరు వచ్చిందీ మన తెలుగువాడి నోటనే. బొబ్బిలి దగ్గర కలువరాయి నుంచి వెళ్లిన కావ్యకంఠ గణపతిముని, 1907 నవంబరులో విరూపాక్ష గుహకొచ్చి, జపతపాలన్నీ చేశాను, అసలు తపస్సంటే ఏంటో తెలియలేదని కాళ్లమీద పడ్డాడు. ‘నేను’ అన్న తలపు ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడమన్నది జవాబు. తనకన్నా ఏడాది చిన్నవాడైన గురువుకి ఆయనే ఆ పేరు పెట్టాడు. తర్వాత ఎందరో. చిన్నతనంలోనే కన్నవాళ్లనీ భర్తనీ పోగొట్టుకున్న సూరి నాగమ్మ 1941లో వచ్చింది. అన్నగారికి ఆవిడ రాసిన ఉత్తరాలే ‘శ్రీరమణాశ్రమ లేఖలు’. జీవితమంతా ఆచారాలతో పోట్లాడిన చలం 1950లో వచ్చి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు.

అళగమ్మ కూడా తిరిగొచ్చింది. మధ్యమధ్య వచ్చిపోతూ, 1914లో జ్వరంతో మంచానపడితే కొడుకే పక్కన కూర్చుని సేవచేశాడు. ఎవరినీ ఏమీ అడగని మనిషి, అమ్మకి నయం చేయమని అరుణాచలేశ్వరుణ్ణి పద్యాల్లో వేడుకున్నాడు. 1916 నుంచి ఆవిడ అక్కడే ఉండిపోయింది. కొండమీద స్కందాశ్రమంలో పొయ్యి వెలిగించి అందరికీ వండిపెట్టింది. 1922 మే 19న ఆవిడ చివరి గంటల్లో మహర్షి ఒక చేయి తలమీద, ఒక చేయి గుండెమీద ఉంచి పక్కనే కూర్చున్నారు. కొండ కింద సమాధి చేశారు. రోజూ దిగివచ్చి చూసి వెళ్లేవారు. ఆ ఏడాది చివర్లో ఓసారి దిగి, మళ్లీ పైకి వెళ్లలేదు. సమాధి పక్కన పాక, పాక చుట్టూ ఆశ్రమం. అమ్మ సమాధి మీద గుడి 1949లో పూర్తయింది. మాతృభూతేశ్వరాలయం అంటారు. 1950 ఏప్రిల్ 14 రాత్రి మహర్షి వెళ్లిపోయాక ఆయన్నూ ఆ పక్కనే ఉంచారు. సాయంత్రం వేదపారాయణం జరిగేటప్పుడు వెళ్తే రెండింటినీ కలిపి ప్రదక్షిణ చేయొచ్చు. ఆ మంగళవారం రైలు దిగాక, యాభై నాలుగేళ్లలో ఆయన మళ్లీ రైలెక్కలేదు.

మనవాళ్లు ఎక్కువగా తిరుపతి, కాట్పాడి మీదుగా ఉత్తరం వైపు నుంచి అరుణాచలం చేరతారు. వీలైతే ఒక్కసారి దక్షిణం నుంచి రండి. మదురైలో ఉదయం ఆ ఇల్లు, మీనాక్షి గుళ్లో అరవై ముగ్గురు చూసుకుని, రాత్రికి విల్లుపురం. మర్నాడు తిరుక్కోయిలూరు స్టేషన్లో దిగితే అరకండనల్లూరు గుడి దగ్గరే. మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు, కాబట్టి సాయంత్రం తెరిచే వేళకు బండెక్కండి. మబ్బు లేకపోతే దూరంగా కొండ కనిపిస్తుంది. పూజారి తాళం వేసే లోపు దిగొచ్చేయాలి.